మోడల్ ఎంత దగ్గరగా ఉంటే చాలు?

యంత్రానికీ దాని మోడల్‌కీ ఒకే ఇన్‌పుట్ ఇచ్చి, వచ్చిన గ్రాఫులు కలిస్తే మోడల్ బాగుందనుకోవడం కంట్రోల్ రంగంలో మా అందరికీ అలవాటు. ఆ అలవాటును నేను నమ్మను. మోడల్ ఫీడ్‌బ్యాక్ కోసమే అయినప్పుడు, ఫీడ్‌బ్యాక్ లేకుండా పోల్చి ఏం లాభం?

మూడు వ్యవస్థలు చూడండి. మొదటిదానికి గెయిన్ 100, టైమ్ కాన్‌స్టంట్ ఒక సెకను; కదిపి వదిలేస్తే తనంతట తానే సర్దుకుంటుంది. రెండోదీ అంతే వేగం గలదే, కానీ వదిలేస్తే అదుపు తప్పి పెరుగుతూ పోతుంది. మూడోది మొదటిదే, వెనక 25 మిల్లీసెకన్ల జాప్యాలు రెండు తగిలించాం. దీని గ్రాఫు మొదటిదాని గ్రాఫు మీద దాదాపు అతుక్కుపోతుంది. ఇప్పుడు మూడింటికీ ఒకే ఫీడ్‌బ్యాక్ బిగించండి, అవుట్‌పుట్‌ను ఉన్నదున్నట్టు వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌లోంచి తీసేస్తే చాలు. మొదటిదీ రెండోదీ కవలల్లా నడుస్తాయి: ఒకటి సెకనులో 101వ వంతులో, ఇంకొకటి 99వ వంతులో స్పందిస్తాయి. మూడోది మాత్రం ఊగి ఊగి చేయి దాటిపోతుంది.

ఈ తేడాను పట్టే కొలత కోసం 1980లో జార్జ్ జేమ్స్, ఎల్-సక్కరీ ‘గ్యాప్’ను ప్రతిపాదించారు. 1984లో అదే దారిలో గ్రాఫ్ మెట్రిక్ అనే కొలత ఇచ్చిన మాతుకుమల్లి విద్యాసాగర్ గుంటూరులో పుట్టినవారు. ఈ సంగతి మన కంట్రోల్ తరగతుల్లో చెప్పాలని నా కోరిక. 1993లో గ్లెన్ విన్నికూంబ్ ఇచ్చిన న్యూ-గ్యాప్ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర రెండు వ్యవస్థల గెయిన్లనూ ఒక గోళం మీదికి ఎక్కించి దూరం కొలుస్తుంది. చదును కాగితం మీద 100, −100 ఎంతో దూరం. గోళం మీద రెండూ ఉత్తర ధ్రువం చెంతనే, మధ్య దూరం 0.02. గెయిన్ అంత పెద్దదైతే గుర్తు మారినా ఫీడ్‌బ్యాక్‌కు పెద్దగా పట్టదన్న నిజం అందులో కనిపిస్తుంది. రెండిటి ఫ్రీక్వెన్సీ ప్లాట్లు చుట్టే చుట్ల లెక్క కూడా సరిపోవాలి, లేకుంటే దూరం నేరుగా 1.

అసలు బలం హామీలో ఉంది. ఒక వ్యవస్థతో కంట్రోలర్‌కు ఉన్న మార్జిన్ (లూప్ కూలకుండా తట్టుకోగల మార్పు) కంటే ఆ వ్యవస్థకూ ఇంకోదానికీ మధ్య గ్యాప్ తక్కువైతే, ఆ కంట్రోలర్ ఇంకోదాన్నీ నిలబెడుతుంది. పైన బిగించిన ఫీడ్‌బ్యాక్‌కు మొదటి వ్యవస్థతో మార్జిన్ సుమారు 0.7. రెండోది దాని నుంచి 0.02 దూరంలోనే ఉంది. మూడోది కూలింది కాబట్టి దాని దూరం 0.7కు తగ్గదని వేరే లెక్క లేకుండానే తెలుస్తుంది.

అందుకే మోడల్ తెచ్చినవారిని గ్రాఫులు అడగను, మార్జిన్ ఎంతని అడుగుతాను. యంత్రాన్ని కొలిచేటప్పుడు గెయిన్ ఒకటి చుట్టూ తిరిగే ఫ్రీక్వెన్సీల మీద ఎక్కువ సమయం పెట్టమంటాను. గెయిన్ వందల్లో ఉన్నచోట పది శాతం పొరపాటును ఫీడ్‌బ్యాక్ మింగేస్తుంది, గెయిన్ ఒకటి దగ్గర మాత్రం కొద్దిపాటి జాప్యం కూడా లూప్‌ను కూల్చగలదు.