ఐదవ లక్షణము: చిందు యక్షగాన విమర్శ

యక్షగానములను గూర్చి వెలువడిన విమర్శలలో ఛందోవిచారము మెండు, ప్రదర్శకవిచారము కొఱత. రగడలు, ద్విపదలు, దరువులు లెక్కింపబడినవి. వానిని నోటబట్టి తరతరములుగా నిలిపినవారెవరో, ఆ విద్యవలన వారి పిల్లలకు గలిగిన లాభమేమో యంతగా విచారింపబడలేదు. తెలంగాణమందలి చిందు యక్షగానము ఈ కొఱతకు నిదర్శనము.

ఇట్టి కళ విలువ నెంచుటకు లక్షణగ్రంథములు మాత్రమే చాలవు. అమెరికాలోని నల్లజాతి విద్వాంసుడు డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ 1926లో తనవారి నాటకశాలకు నాలుగు లక్షణములను నిర్దేశించెను. ఇతివృత్తము తమ జీవితమును గూర్చినది కావలెను. రచయితలు తమవారే కావలెను. ప్రదర్శనము ప్రధానముగా తమవారి కొఱకే కావలెను. రంగము తమ యిండ్ల చేరువ నుండవలెను. ఈ చేరువ యొసగు ఫలమునకు దృష్టాంతము క్లీవ్‌లాండు పట్టణమున 1915లో నారంభమై, పిమ్మట కరాము హౌస్ అని పేరొందిన సంస్థ. బాల్యమున నచటికి వచ్చుచుండిన లాంగ్‌స్టన్ హ్యూస్ కవియయ్యెను. 1930 దశకమున అతని నాటకములు ఆ రంగముననే యాడబడెను.

ఆ లక్షణములు చిందు రంగమునకు మిక్కిలి పూర్వమే యబ్బినవి. చిందువారు మాదిగలకు ఆశ్రితులైన కళాకారులు. సారంగధర, చెంచులక్ష్మి మున్నగు కథలతోపాటు జాంబపురాణమును ప్రదర్శింతురు. జగత్తుకంటె ముందు పుట్టినవాడని చెప్పబడు ఆదిజాంబవుడు అందు కులమూలపురుషుడు. బ్రాహ్మణునితో వాదమునకు దిగి తనవారి ప్రాచీనతను స్థాపించును. బడిలో కులము పేరు చెప్పుటకు సంకోచించు బాలుడు ఆ పేరే పూర్వపక్షసిద్ధాంతములతో నిలుచుట తన వాడలోనే వినును. తర్కమును మొదట తన మూలపురుషుని నోట వినుట సామాన్యలాభము కాదు. చిందు కుటుంబముల పిల్లలకు పద్యము, దరువు, అడుగు, మద్దెల చెవిబట్టి యలవడును. స్త్రీలును వేషము కట్టుదురు. 2005లో కీర్తిశేషురాలైన చిందుల ఎల్లమ్మ పురుషపాత్రలయందును ప్రసిద్ధి కెక్కెను.

అయినను మూడవ లక్షణమున నొక చిక్కు గలదు. దాతల గ్రామములను చిందు కుటుంబములు మిరాశిగా పంచుకొనెను. అది పేరునకు హక్కే కాని, యందు యాచన కలిసియున్నది. రంగమున రాజైనవాడు తెల్లవారి దాత వాకిట చేయి చాపవలెను. యువకులు కళను విడుచుచున్నారని వగచు విమర్శకులు ఈ తెల్లవారుజామును లెక్కింపరు. వారు విడుచుచున్నది తఱచు దరువును గాదు, ఆ వాకిలిని.

కావున డుబాయిస్ చెప్పిన నాలుగింటికి ఐదవదానిని జేర్పవలసియున్నది: నటుడు తన యిష్టముచే నటుడు కావలెను. జనగామ ప్రాంతపు అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించెను. ఐదు దశాబ్దులు వేషము కట్టిన యాతడు యువకులకును ఈ విద్యను నేర్పుటకు పూనుకొనెను. ఆ బిరుదము కళకు గౌరవమే. కాని యది యొకని మెడలోని హారముగా మిగులరాదు.

జనగామ 2016 వఱకు ఓరుగంటి జిల్లాలోనిదే. నెక్కొండ బాలునకు ఈ రంగము పరాయిది కాదు. అచటి బడిలో ప్రబంధపద్యమును బోధించు పండితుడు జాంబవుని వాదమును గూడ పాఠముగా జెప్పి, అన్ని కులముల పిల్లలచేతను ఆడించెనేని, చిందు దరువు మిరాశి విడిచి విద్య యగును. అప్పుడు చిందువారి బిడ్డ దానిని నేర్చినను, మానినను తలవంపు లేదు.