అచ్చులోకి రాని డిసెంబరు

మా చెరుకుపల్లి వైపు డిసెంబరంటే వరికోతలు. పగలంతా వంగి కోత కోసొచ్చిన ఆడవాళ్ళు రాత్రి ఎనిమిదింటికి మొహం కడుక్కుని, చంటిపిల్లల్ని చంకనేసుకుని, పేటలో ఇంటింటికీ కేరల్స్‌కి బయల్దేరేవాళ్ళు. ముందు పెట్రోమాక్స్ లైటు, కర్రకి కట్టిన రంగుకాగితాల నక్షత్రం, ఒక డోలక్, నాలుగు జతల తాళాలు. వీటన్నిటినీ మించి మా పెద్దమ్మ గొంతు. ఆవిడ ఎత్తుకుంటే తప్ప పాట మొదలయ్యేది కాదు. ఆవిడ ఎప్పుడూ ముందు ఎత్తుకునేది ‘దూత పాట పాడుడీ’. ఆ బాణీ మా పెద్దమ్మదేనని చిన్నప్పుడు నా గట్టి నమ్మకం.

నలభై దాటాక తెలిసింది, అది ఫెలిక్స్ మెండెల్సన్ అనే జర్మన్ స్వరకర్తదని. పంతొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ సంగీతం పేరెత్తితే మొదటి పది పేర్లలో వచ్చే పేరు. ఆ సంగీతం గురించి మనకేం తెలుసు, మనకెందుకు అనుకుంటాం గానీ, కోతకూలీలు వందేళ్ళకు పైగా ఆయన బాణీ పాడుతున్నారు. పేరు తెలియకపోవటం వేరు, పాట రాకపోవటం వేరు.

ఆ బాణీ కథ తమాషాగా ఉంటుంది. ఫెలిక్స్ దాన్ని క్రిస్మస్ కోసం కట్టలేదు, దేవుడి కోసం కూడా కట్టలేదు. 1840లో లైప్‌జిగ్ నగరంలో అచ్చుయంత్రానికి నాలుగొందల ఏళ్ళ పండుగ చేశారు. గుటెన్‌బర్గ్‌ని పొగుడుతూ మగవాళ్ళ బృందం బాకాలతో కలిసి పాడటానికి కట్టిన బాణీ అది. దీనికి వేరే మాటలు పెట్టుకోవచ్చు గానీ భక్తి మాటలు మాత్రం నప్పవని ఆయనే ఒక ప్రచురణకర్తకి రాశాడు. ఆయన పోయాక, 1855లో, విలియం కమ్మింగ్స్ అనే ఆర్గాన్ వాద్యకారుడు చార్లెస్ వెస్లీ రాసిన పాత క్రిస్మస్ పాటని తెచ్చి దీనికి అతికించాడు. అతుకు ఎంత బాగా కుదిరిందంటే మనదాకా వచ్చింది. 1842లో గుంటూరులో దిగిన హేయర్ అయ్యగారితో మొదలైన లూథరన్ మిషను తర్వాత తర్వాత తెనాలి, రేపల్లె వైపు పాకింది. ఆ వెంటే పాటల పుస్తకం, పుస్తకం వెంట హార్మోనియం వచ్చాయి.

అచ్చుయంత్రాన్ని పొగడటానికి పుట్టిన బాణీ, అచ్చుయంత్రం పుణ్యాన చెరుకుపల్లి చేరింది. అది నన్నేమీ ఆశ్చర్యపరచలేదు. ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఆ ఫెలిక్స్‌కి ఒక అక్క ఉంది. ఆవిడ కూడా ఒక క్రిస్మస్ సంగీతం రాసింది.

ఫానీ మెండెల్సన్, పెళ్ళయ్యాక ఫానీ హెన్సెల్. 1805లో పుట్టింది, తమ్ముడికంటే మూడేళ్ళకు పైగా పెద్ద. పదమూడేళ్ళకే బాఖ్ ప్రెల్యూడ్లు ఇరవై నాలుగూ పుస్తకం చూడకుండా వాయించిన పిల్ల. పధ్నాలుగేళ్ళప్పుడు తండ్రి ఉత్తరం రాశాడు: సంగీతం ఫెలిక్స్‌కి వృత్తి అవుతుందేమో, నీకు మాత్రం అది అలంకారంగానే ఉండాలి అని. ఈ ఉత్తరం చదివినప్పుడు నాకు కోపం కంటే ముందు చనువు కలిగింది. బెర్లిన్ బ్యాంకరు నోటి మాట మా ఇళ్ళల్లో ఎన్నిసార్లు విన్నానో! అబ్బాయిని చదివిస్తున్నాం, అమ్మాయికేమో సరదాగా నేర్పిస్తున్నాం...

ఫెలిక్స్ యవ్వనంలో అచ్చేసిన రెండు పాటల సంపుటాల్లో ఒక్కోదాంట్లో మూడేసి పాటలు ఫానీవి. పైన పేరు మాత్రం తమ్ముడిది. 1842లో విక్టోరియా రాణి, మెండెల్సన్ పాటల్లో నాకిష్టమైనదని ‘ఇటలీ’ అనే పాట ఎంచుకుని ఆయన ఎదుటే పాడింది. అది మా అక్కదని ఫెలిక్స్ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఒప్పుకున్నాడు, నిజమే. కానీ ఆ ఐదేళ్ళ ముందు, 1837లో, ఫానీని అచ్చు వేయించుకొమ్మని నువ్వు కాస్త చెప్పరా అని తల్లి బతిమాలితే, నేను చెప్పనన్నాడు. తనంతట తాను వేసుకుంటే సాయం చేస్తాట్ట, ప్రోత్సహించడట. ఆవిడ ఇల్లు చూసుకుంటోంది, జనం గురించి గానీ సంగీతలోకం గురించి గానీ ఆవిడకి పట్టింపు లేదని కారణం చెప్పాడు. అక్కంటే ప్రాణమైన తమ్ముడే ఆయన. దుర్మార్గుడైతే తిట్టి ఊరుకోవచ్చు. ప్రేమించేవాళ్ళ అడ్డు చాలా మెత్తగా ఉంటుంది, తలుపు మూసినట్టే ఉండదు.

మొగుడు హెన్సెల్ చిత్రకారుడు. అతన్ని మెచ్చుకోవాల్సిందే, రోజూ ఆవిడ బల్లమీద ఖాళీ స్వరాల కాగితం పెట్టేవాడట. కాగితం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

1839-40లో ఇటలీ తిరిగొచ్చి 1841లో ఫానీ ‘సంవత్సరం’ అనే పియానో వరస రాసింది. పన్నెండు నెలలకి పన్నెండు ముక్కలు, చివర ఒక ముగింపు. శుభ్రప్రతిని రంగురంగుల కాగితాలమీద రాసింది, ప్రతి నెలకీ హెన్సెల్ చిన్న బొమ్మ వేశాడు. ఇందులో ఆవిడ బతికుండగా అచ్చయింది సెప్టెంబరు ఒక్కటే. మిగతావి ఇంట్లోనే ఉండిపోయి, వరస మొత్తం అచ్చయింది 1989లో. నూట నలభై ఎనిమిదేళ్ళు!

డిసెంబరు ముక్క ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చాలాసార్లు విన్నాను. నాకు పియానో రాదు, స్వరలిపి చదవటం రాదు. చెవి ఉంది, అంతే. మొదట వేళ్ళు ఆగకుండా పరుగెత్తుతాయి. గాలికి కొట్టుకుపోయే మంచు అనొచ్చు గానీ నాకు మంచు తెలియదు. నాకది పని తొందరలా వినిపించింది, వాన మబ్బు పట్టేలోపు కుప్ప వేయాలన్న తొందర. ఆ పరుగు ఒకచోట ఆగి, ఎవరో తలుపు తెరిచినట్టుగా, నిదానంగా ఒక పాట వస్తుంది. అది మార్టిన్ లూథర్ రాసిన క్రిస్మస్ పాట. ‘పరలోకం నుంచి వస్తున్నాను’ అని దేవదూత పిల్లలకి చెప్పే పాట. ఫానీ దాన్ని అట్టహాసంగా ఊదరగొట్టదు. ఇంట్లోవాళ్ళంతా నిద్రలేవకుండా పాడుకున్నట్టు మొదలుపెట్టి, మెల్లగా నిండుగా చేస్తుంది.

తమ్ముడి బాణీ ఊరేగింపుకి సరిపోతుంది, దాన్ని నేను తక్కువ చేయను. వందమంది ఒక్కసారి ఎత్తుకోవటానికి అంతకంటే గొప్ప బాణీ దొరకదు. కానీ అక్క డిసెంబరులో పని ఉంది, అలుపు ఉంది, ఆ తర్వాత పండుగ వచ్చింది. లూథరన్ సంఘానికి లూథర్ పాటతో వచ్చే ఈ సంగీతం ఎంత దగ్గరిదై ఉండేదో! గొప్పదైతే దానంతటదే బయటికొస్తుంది అనేవాళ్ళని నేనడిగేది ఒకటే, ఏ బండెక్కి వస్తుందని? పాట నడవదు. అచ్చు మోయాలి, లేదా మనుషులు మోయాలి. ఫానీ పోయిన 1847లోనే, జనవరిలో, తిరువయ్యారులో త్యాగరాజు పోయాడు. ఆయన కీర్తనల్ని శిష్యులు రాసుకుని మోశారు. ఫానీకి శిష్యపరంపర లేదు. బెర్లిన్‌లో తన ఇంట్లో నడిపిన ఆదివారపు కచేరీలున్నాయి. చివరికి నలభై ఏళ్ళ వయసులో, 1846లో, తమ్ముడి మాటకి ఎదురుచూడకుండా అచ్చుకిచ్చింది. మరుసటేడు మే 14న కచేరీకి రిహార్సల్ చేస్తూ కూలిపోయింది. అప్పుడు సాధన చేయిస్తున్నది కూడా ఫెలిక్స్ రాసినదే.

పోయాక కూడా వదల్లేదు. 1828లో రాసిన ‘ఈస్టర్ సొనాటా’ రాతప్రతి 1970ల్లో పారిస్‌లో బయటపడితే, దానిమీదున్న ‘ఎఫ్’ అంటే ఫెలిక్సే అనుకుని ఆయన పేరుతోనే రికార్డు చేశారు. 2010లో ఏంజెలా మేస్ అనే పరిశోధకురాలు ఆ ‘ఎఫ్’ ఫానీదని తేల్చింది. 2017 మార్చి 8న బీబీసీ రేడియోలో ఆవిడ పేరుతో వినిపించారు.

ఇప్పుడు కాగితం సంగతి. మా పెద్దమ్మనీ ఫానీనీ ఒక గాటన కట్టటం నాకిష్టం లేదు. ఫానీ బ్యాంకరు కూతురు. కచేరీకి పెద్ద హాలు, వాయించటానికి పియానో, రాసుకోవటానికి రంగుల కాగితాలు ఉన్నాయి. పెద్దమ్మది కూలిబతుకు, రెండో తరగతితో సరి. ఆవిడ ‘దూత పాట’లో ఒకచోట గొంతు జార్చేది. తిన్నగా దిగాల్సిన చోట నాట్లపాటలోలా చిన్న మెలిక తిప్పి దిగేది. తర్వాత కీబోర్డు నేర్చుకున్న పిల్లలొచ్చి “పెద్దమ్మా, అక్కడ స్ట్రెయిట్‌గా పాడాలి” అని దిద్దారు. దిద్దించుకుంది. కేరల్స్‌కి వెళ్ళినప్పుడు మాత్రం మెలిక అలాగే ఉండేది.

ఆవిడ సొంతంగా కట్టిన పాట కూడా ఒకటుంది. పశువులపాకలో బాలింత మరియమ్మకి ఎవరు పథ్యం పెట్టారు, ఎవరు నీళ్ళు కాచారు అని అడిగే పాట. మగవాళ్ళెవరూ ఆ ప్రశ్న అడగగా నేను వినలేదు. మా వైపు ఆడవాళ్ళందరికీ వచ్చు. ఒక ఏడాది క్రిస్మస్‌కి గుడిలో పంచే పాటల కాగితంలో దాన్ని వేశారు. మన పాటల పుస్తకంలో పాటతోబాటు రాసినవాళ్ళ పేరుంటుంది కదా, దీని పక్కన ‘ప్రాచీన గీతం’ అని వేశారు. ఆ కాగితం ప్రూఫులు దిద్దింది నేనే. ‘బాలింత’కి ‘బాలెంత’ అని పడితే దిద్దాను. ‘ప్రాచీన గీతం’ దగ్గర నా కలం ఆగనేలేదు.

కాగితం చదివి వినిపిస్తే పెద్దమ్మ నవ్వింది. “ప్రాచీనమంటే పాతదనేగా? నేనింకా బతికే ఉన్నా గదే!” అంది. అంతే, ఇంకేమీ అనలేదు. అప్పటికి నేను స్త్రీల రచనల మీద సెమినార్లలో పేపర్లు చదువుతున్నాను.

పెద్దమ్మ పోయింది. కాగితం మళ్ళీ వేస్తున్నారని తెలిసి ప్రూఫులు అడిగి తెప్పించుకున్నాను. ‘ప్రాచీన గీతం’ కొట్టేసి ఆవిడ పేరు రాశాను. సాయంత్రం ప్రెస్సు కుర్రాడు ఫోన్ చేశాడు. “అమ్మా, అందరికీ ఇంటిపేరుంది, ఈ ఒక్కదానికే లేదు. ఏ ఇంటిపేరు వేయమంటారు, పుట్టింటిదా, అత్తింటిదా?”

ఫానీ అచ్చుపుస్తకాల మీద రెండూ ఉంటాయి, హెన్సెల్ అని, కింద ‘పుట్టింటి పేరు మెండెల్సన్ బార్తోల్డీ’ అని. పెద్దమ్మ ఏదంటుందో నాకు తెలియలేదు. కాసేపాగి చేస్తానని చెప్పి, పెద్దమ్మ కూతురికి ఫోన్ కలిపాను.