గాలి మీద ప్రమాణం

డెనిస్ ఓరూర్క్ డాక్యుమెంటరీ 'హాఫ్ లైఫ్' (1985) ఒకే ప్రశ్న పట్టుకుని నడుస్తుంది: తెలిసే చేశారా?

1954 మార్చి 1న అమెరికా పసిఫిక్‌లో, మార్షల్ దీవుల్లోని బికినీ దగ్గర 15 మెగాటన్నుల 'బ్రావో' బాంబు పేల్చింది. సుమారు 100 మైళ్ల దూరంలో ఉన్న రొంగెలాప్ మీద తెల్లటి బూడిద రాలింది. పిల్లలు దాంతో ఆడుకున్నారు. తర్వాత వాంతులు, చర్మం మీద పుండ్లు, జుట్టు ఊడిపోవడం. రెండు రోజులకు గానీ ఓడ వచ్చి వాళ్లను తీసుకుపోలేదు. గాలి ఎటు వీస్తోందో ముందే తెలుసా అని అప్పటి వాతావరణ కేంద్రంలో పనిచేసిన సైనికుల్నే ఓరూర్క్ అడుగుతాడు. అమెరికా ప్రభుత్వం తీయించుకున్న పాత ఫిల్ముల్ని దాని మీదే సాక్ష్యంగా తిప్పుతాడు.

మాది కాణిపాకం. ఇట్లాంటి ప్రశ్నకు మా ఊళ్లో ఒక పద్ధతుంది. కోనేట్లో మునిగి, తడిగుడ్డల్తో వినాయకుడి ముందర నిలబడి ప్రమాణం చేయాల. సినిమా అంతా అమెరికాను ఆ కోనేటి మెట్ల దాకా లాక్కొచ్చినట్టుంటుంది. దాని బలమూ అదే, నా అభ్యంతరమూ అదే.

ప్రమాణం అడిగేది దాచినదాని గురించి. గాలి సంగతి ఎప్పటికీ తేలకపోవచ్చు. కానీ ఆ తర్వాత జరిగిందాంట్లో చాలావరకు అచ్చులోనే ఉంది. పది రోజులు తిరక్కముందే దీవివాళ్ల మీద 'ప్రాజెక్ట్ 4.1' అనే అధ్యయనం మొదలైంది. 1957లో వాళ్లను మళ్లీ రొంగెలాప్‌కే పంపారు. అక్కడ మనుషులు బతకడం వల్ల విలువైన సమాచారం దొరుకుతుందని బ్రూక్‌హేవెన్ లేబొరేటరీ డాక్టర్లు తమ రిపోర్టులోనే రాసుకున్నారు. ఏటా వచ్చి పరీక్షలు చేసి పోయారు. వైద్యం అసలు చేయలేదనలేం, థైరాయిడ్ గడ్డలకు ఆపరేషన్లు చేయించారు. బాంబునాటికి ఏడాది పిల్లాడైన లెకోజ్ అంజైన్ మాత్రం 1972లో లుకేమియాతో పోయాడు. మమ్మల్ని ప్రయోగాలకు వాడుకుంటున్నారని 1975లో రొంగెలాప్ మేజిస్ట్రేట్ నెల్సన్ అంజైన్ ఆ బృందం పెద్ద రాబర్ట్ కోనార్డ్‌కు ఉత్తరం రాశాడు.

దీనికి కుట్ర అక్కర్లేదు. కొలిచేవాళ్లకు కొలత ముఖ్యమై, కొలిపించుకునేవాళ్లకు జవాబు చెప్పాలన్న ధ్యాస పోతే చాలు. ఓరూర్క్ గాలి మీద పెట్టిన పట్టుదల్లో సగం ఈ ఏటేటా జరిగిన పరీక్షల మీద పెట్టుంటే సినిమా ఇంకా గట్టిగా నిలబడేది.

ఇది దూరపు దీవుల కథే అనుకోలేకపోయాను. మాకు ఉత్తరాన, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. దాని వ్యర్థాల చెరువు పక్క ఊళ్లవాళ్లు బోరు నీళ్లు పాడయినాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కంపెనీ కాదంటుంది. బాంబు బూడిదా, గని వ్యర్థమూ ఒకటి కావు. కానీ సీసాల్లో నీళ్లు పట్టుకుపోయినవాళ్లు, ఏం తేలిందో తెలుగులో రాసి ఆ ఇంటామె చేతిలో పెట్టారా? ఈ ప్రశ్న రెండుచోట్లా అడగాల్సిందే.

సినిమా వచ్చిన 1985లోనే రొంగెలాప్ జనం గ్రీన్‌పీస్ ఓడ 'రెయిన్‌బో వారియర్' ఎక్కి ఊరు వదిలేశారు. కొలిచేవాళ్ల మాట కోసం ఇంక ఆగలేదు.