మంచి రూమ్ పెట్టేవాళ్ళు

కోవూరులో పబ్జీ ఆడే కుర్రాళ్ళకు కొదవలేదు. గురి తప్పనివాళ్ళు, ఒంటిచేత్తో నలుగురిని పడగొట్టేవాళ్ళు, ఫోను అద్దం మీద నాలుగు వేళ్ళను నాట్యమాడించేవాళ్ళు వీధికొకరు కనిపిస్తారు. వాళ్ళ ఆటకు నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. అయినా ఈ ఆటలో అసలైన పనిమంతుడెవరని నన్నడిగితే, రూమ్ పెట్టేవాడి పేరే చెబుతాను. 64 మందిని అనుకున్న వేళకు ఒక్కచోటికి చేర్చి, రచ్చ లేకుండా ఆడించి, పాయింటు పాయింటుకూ లెక్క తేల్చి, ఓడినవాడు కూడా ‘మళ్ళీ ఎప్పుడన్నా?’ అని అడిగేలా చేయడం మామూలు సంగతి కాదు. గెలిచినవాడి వీడియో మర్నాటికి అందరి ఫోన్లలో తిరుగుతుంది. రూమ్ పెట్టినవాడిని ఎవరూ తలుచుకోరు. నాకది అన్యాయంగా తోస్తుంది.

ఈ ఆట సంగతి తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు. వంద మంది దాకా ఒక దీవి మీదికి పారాచూట్లతో దిగుతారు, ఆడగలిగే జాగా వలయంలా కుంచించుకుపోతూ ఉంటుంది, చివరికి మిగిలిన జట్టుదే గెలుపు. 2018లో పబ్జీ మొబైల్‌గా మన చేతికొచ్చింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది. 2021 జులై 2న బీజీఎంఐ అనే పేరుతో తిరిగొచ్చింది, 2022 జులై 28న మళ్ళీ మాయమైంది, 2023 మే నెలాఖరుకు మళ్ళీ వచ్చింది. ఈ రాకపోకల్లో ఎన్నో జట్లు చెదిరిపోయాయి. మా ఊళ్ళో మాత్రం దాని పేరు ఇప్పటికీ పబ్జీయే.

మామూలుగా ఆట తెరిస్తే ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. కొందరైతే మనుషులే కారు, కంప్యూటరు నడిపే బొమ్మలు. కస్టమ్ రూమ్ సంగతి వేరు. రూమ్ కార్డుతో ఒక గది తెరిచి, దానికి నంబరూ పాస్‌వర్డూ పెట్టి, పిలిచినవాళ్ళనే లోపలికి రానిస్తారు. అందులో బుచ్చిరెడ్డిపాళెం జట్టు ఉంటుంది, అల్లూరు జట్టు ఉంటుంది, బెంగుళూరు హాస్టల్లో చదివే మనూరి పిల్లాడుంటాడు, హైదరాబాదులో రాత్రి డ్యూటీకి వెళ్ళబోతూ ఒక్క మ్యాచ్ ఆడి పోదామని కూర్చున్న మేనమామ కొడుకుంటాడు. ఊరు విడిచి పోయిన కుర్రాళ్ళంతా ఊళ్ళో ఉన్నట్టే కలిసేది ఆ గదిలోనే. సంక్రాంతికి చేనుగట్టున వాలీబాల్, కబడ్డీ పోటీలు పెట్టినవాళ్ళ వారసులు ఎవరయ్యా అంటే, నేను వీళ్ళనే చూపిస్తాను.

ఇక పనితనం గురించి. మొదటిది స్లాట్ లిస్టు, అంటే గదిలో ఏ జట్టుకు ఏ చోటో రాసిన జాబితా. గదిలో నలుగురేసి చొప్పున 25 జట్లు పడతాయి కదా అని 25 జట్లనూ నింపేవాడు కొత్తవాడు. అనుభవమున్నవాడు 16 దగ్గర, మహా అయితే 20 దగ్గర ఆపుతాడు. జట్లు ఎక్కువైతే సగంమంది మొదటి ఐదు నిమిషాల్లోనే బయటికొచ్చేస్తారు. సాయంత్రమంతా ఎదురుచూసి ఐదు నిమిషాలు ఆడిన పిల్లాడు ఇంకోసారి రాడు. ఏ జట్టుకు ఏ స్లాటో ముందే రాసి గ్రూపులో పెట్టాలి. ఆటలోని పేర్లూ, వాటి ఐడీ నంబర్లూ ముందురోజే తీసుకోవాలి. ఒక జట్టు రాకపోతే పిలవడానికి రెండు మూడు జట్లను పక్కన సిద్ధంగా ఉంచుకోవాలి. రూమ్ పెట్టేవాణ్ణి హోస్టు అంటారు. మా వైపు అలాంటి ఒకాయన ఉన్నాడు, పేరు రాస్తే ఊరుకోడు. ఆయన స్లాట్ లిస్టు చూస్తే కల్యాణానికి లగ్నపత్రిక రాసినంత శ్రద్ధ కనిపిస్తుంది. అక్షరం తప్పు పోదు, వరస తప్పదు, ‘చూద్దాం’, ‘తర్వాత చెప్తా’ అన్న మాటే ఉండదు.

రెండోది వేళ. ‘ఐడీ పాస్ ఎప్పుడేస్తావన్నా?’ అన్న ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో చూసి హోస్టు ఎలాంటివాడో చెప్పేయొచ్చు. మంచి హోస్టును ఎవరూ ఆ మాట అడగరు. 7 గంటలకు మ్యాచ్ అంటే పావుగంట ముందు గది నంబరు, పాస్‌వర్డు జట్టు నాయకులకు మాత్రమే వెళతాయి. మరీ ముందు వేస్తే బయటివాళ్ళు జొరబడతారు, ఆలస్యమైతే ఆటకు ముందు ఎదురుచూసే లాబీలో బూతులు మొదలవుతాయి. ఏడు కొట్టగానే గది మొదలైపోవాలి. ఇంకొకడు రావాలి, నెట్టు పోయింది, రెండు నిమిషాలాగన్నా అని ఎవరు బతిమాలినా ఆగకూడదు. ఆ ఒక్కడి కోసం మిగతా 63 మందిని కూర్చోబెట్టడం మర్యాద కాదు. పరీక్షల నెలలో రూమ్ పెట్టకపోవడమూ ఈ విద్యలో భాగమే. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు ఆటే రోజుకు ఇన్ని గంటలని హద్దు పెట్టింది, హోస్టు అంతకంటే పెద్దమనసుతో ఉండాలి.

మూడోది గది లోపలి అమరికలు. రెడ్ జోన్ బాంబులు ఆపేయాలి. ఎవరి తప్పూ లేకుండా ఆకాశం నుంచి పడ్డ బాంబుకు జట్టు పోతే పోటీకి అర్థం లేదు. విమానంతో ఆయుధాలు తెప్పించుకునే ఫ్లేర్ గన్ తీసేయాలి. ఇక ఏ మ్యాప్ అన్న దగ్గర గ్రూపుల్లో యుద్ధాలే జరుగుతాయి. నా ఓటు ఎరాంగెల్‌కే, ఎప్పటికీ. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. వంతెనలు, పొలాలు, మిట్టలు, మధ్యలో పోచింకి ఊరు. ఒక్కో జట్టు తనకంటూ ఒక చోటు చూసుకుని ఆలోచించి కదలడానికి వీలున్న నేల అది. నాలుగు కిలోమీటర్ల సన్‌హోక్‌లో దూకడం, కాల్చడం, చావడం తప్ప ఏముంది? అది ఇష్టమన్నవాళ్ళను నేను ఒప్పించలేను, వాళ్ళు నన్ను మార్చలేరు.

నాలుగోది పాయింట్లు. హోస్టు బుద్ధి బయటపడేది ఇక్కడే. ఇప్పుడు పెద్ద పోటీల్లో నడుస్తున్న లెక్క ప్రకారం మొదటి స్థానానికి 10, ఆపైన వరసగా 6, 5, 4, 3, 2, 1, 1. ప్రతి కిల్లుకూ, అంటే పడగొట్టిన ప్రతి ఆటగాడికీ, 1. ఈ లెక్కలో ఒక అందముంది. గడ్డిలో పడుకుని ఎవరికీ కనపడకుండా రెండో స్థానానికి వచ్చిన జట్టుకు దక్కేది 6. ఎదురెళ్ళి ఎనిమిది మందిని కొట్టి ఏడో స్థానంలో పోయిన జట్టుకు వచ్చేది 9. ధైర్యానికీ ఓపికకూ రెండింటికీ విలువ కట్టిన పట్టిక ఇది. సమానమైతే ముందు ఎన్ని మ్యాచ్‌లు గెలిచారో చూడాలి, తర్వాత స్థానాల పాయింట్లు, ఆ తర్వాత కిల్లులు. ఇదంతా మొదటి మ్యాచ్‌కు ముందే రాసి పెట్టాలి. ఆట అయ్యాక రాసిన నియమం ఎంత న్యాయమైనదైనా ఎవరూ నమ్మరు. మా హోస్టు ప్రతి మ్యాచ్ చివర ఫలితాల పేజీని ఫొటో తీసుకుంటాడు, గెలిచిన జట్టునూ తీసి పంపమంటాడు, రెండూ పోల్చి పట్టికలో ఎక్కిస్తాడు. తర్వాతి గది తెరిచేలోపు పట్టిక గ్రూపులో ఉంటుంది. ఆ వేగం చూసి తీరాల్సిందే.

ఐదోది కన్ను. హోస్టు తాను ఆడకూడదు. గదిలో చూసేవాడిగా కూర్చుని జట్టు తర్వాత జట్టును గమనించాలి. రెండు జట్లు ఎదురుపడీ కాల్చుకోకుండా పక్కపక్కనే నడుస్తున్నాయంటే అది టీమింగ్. గోడ వెనక మనిషి మీదికి గురి దానంతటదే తిరుగుతోందంటే అది హ్యాక్. అనుమానమొస్తే ఆటగాడి స్క్రీన్ రికార్డింగ్ అడగాలి, చేతులు కనపడేలా తీసిన వీడియో అడగాలి. రుజువు లేకుండా ఒకణ్ణి నలుగురిలో దొంగ అనకూడదు. రుజువు దొరికితే సొంత అన్నదమ్ముల జట్టునైనా తీసేయాలి. ఒకసారి ఆఖరి మ్యాచ్ చివరి వలయంలో ఉండగా ఒక పేట మొత్తానికి కరెంటు పోయి, నెట్టు పోయి, ముందంజలో ఉన్న జట్టు ఆటలోంచి జారిపోయింది. ఆ జట్టులో మా హోస్టు చిన్నాన్న కొడుకున్నాడు. మళ్ళీ ఆడించమని గ్రూపంతా గోల. సర్వరు అందరికీ పోతేనే మళ్ళీ ఆట, ఒక జట్టుకు పోతే లేదు అని ముందే రాసిపెట్టిన నియమాన్ని ఇంకోసారి గ్రూపులో వేసి, పట్టిక ప్రకటించేశాడు. ఆ రాత్రి ఇంట్లో ఏం విన్నాడో గానీ, ఆ తర్వాత ఆయన గదిలో స్లాటు కోసం ఇందుకూరుపేట నుంచి కూడా అడగడం మొదలైంది.

ఆగడం తెలియడం కూడా పనితనమే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టనూ హైవేనూ కోసేసిన రోజులు మాకింకా గుర్తే. అలాంటప్పుడు రూమ్ వాయిదా వేసి, అదే గ్రూపులో ఎవరింట్లోకి నీళ్ళొచ్చాయో కనుక్కునేవాడే నా దృష్టిలో హోస్టు.

ఆటలోకి నలుగురినీ పిలిచి కలిపే ఈ పని విలువ ప్రపంచంలో చాలాచోట్ల రుజువైంది. 2020 మే 16న అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులు మైన్‌క్రాఫ్ట్ ఆటలో తమ క్యాంపస్‌ను కట్టుకుని, వందకు పైగా భవనాలను ఇటుక ఇటుకగా పేర్చి, అందులోనే స్నాతకోత్సవం జరుపుకున్నారు. కొవిడ్ మూసేసిన తలుపుల్ని పిల్లలే తెరిచారు. ఛాన్సలర్ కూడా ఆటబొమ్మగా వచ్చి మాట్లాడారు. 2021 మేలో జపాను చిత్రకథకుడు కెంటారో మియురా పోయారన్న వార్త తెలిసి, ఫైనల్ ఫాంటసీ 14 ఆటగాళ్ళు ఆయనకు నివాళిగా నల్ల కవచాలు తొడుక్కుని దేశదేశాల సర్వర్లలో బారులు తీరి నిలబడ్డారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో గులాబీ రంగు జుట్టు మరుగుజ్జు బొమ్మలుగా మారి రొమ్ము క్యాన్సర్ నిధి కోసం పరుగు తీసే వేడుక ఉంది. వచ్చిపడ్డ జనానికి సర్వరే తట్టుకోలేని సందర్భాలున్నాయి. వీటిలో ఎవరిదీ కిల్లుల లెక్క నాకు తెలియదు. పిలిచినవాళ్ళ పిలుపు ఎంత గొప్పదో మాత్రం తెలుస్తుంది.

మన దగ్గరా పెద్ద వేదిక ఉంది. 2024 జూన్ 28 నుంచి 30 దాకా హైదరాబాదు హైటెక్స్‌లో బీజీఎంఐ దేశస్థాయి పోటీ ఫైనల్ జరిగింది. మొత్తం బహుమతులు 2 కోట్ల రూపాయలు, 16 జట్లు, టీమ్ ఎక్స్‌స్పార్క్ విజేత. దీపాలు, తెరలు, వ్యాఖ్యాతలు, అరుపులు అన్నీ బాగున్నాయి. కానీ ఆ వేదిక మీది పిల్లలు ఆట నేర్చింది ఎక్కడ? ఎవరో ఊరూ పేరూ తెలియని అన్న పెట్టిన ఇలాంటి గదుల్లోనే కదా. ఆ అన్నలకు అక్కడ ఒక కుర్చీ వేసి ఉంటే నాకు ఇంకా ఆనందంగా ఉండేది.

ఇప్పుడు కడుపుమండే సంగతి. ఈ విద్యను డబ్బు చెడగొట్టింది. జట్టుకు 50 రూపాయలు కట్టండి, గెలిస్తే 500 అంటూ రోజుకు పది గదులు పుట్టుకొచ్చాయి. వాటిలో నియమాలుండవు, చూసే కన్నుండదు. కొన్నిట్లో డబ్బు వసూలయ్యాక గ్రూపే కనపడదు. ‘సర్వర్ ప్రాబ్లమ్ బ్రో’ అని ఒక మెసేజీ, ఆ తర్వాత నంబరు బ్లాకు. తమ జట్టుకు గది నంబరు ముందే ఇచ్చుకునేవాళ్ళు, స్లాట్లు రెండుసార్లు అమ్ముకునేవాళ్ళు, కిల్లుకింతని రేటు కట్టి పదో తరగతి పిల్లల చేత పందెం ఆడించేవాళ్ళు! వీళ్ళను హోస్టులనడం ఆ పేరుకే అవమానం. నాన్న జేబులోంచి తీసిన 50 రూపాయలు పోగొట్టుకున్న పిల్లవాడు అసలైన రూమునూ అదే కంటితో చూస్తాడు. తల్లిదండ్రులు ఆటనంతా జూదమని ఒకే గాటన కట్టడానికి కారకులు వీళ్ళే.

ఇంకో రకం ఉంది. ఉచితమే అంటారు. కానీ ఛానల్‌కు సబ్‌స్క్రయిబ్ చేసి, ఆ స్క్రీన్‌షాట్ పంపి, ముగ్గురు స్నేహితుల్ని చేర్చితేనే స్లాటు. తీరా చూస్తే మ్యాచ్ ఒక్కటి, దానికి గంటన్నర ఉపోద్ఘాతం. వాళ్ళకు కావాల్సింది లెక్క పెట్టడానికి తలలు. వచ్చినవాళ్ళు సంతోషంగా ఆడి వెళ్ళారా లేదా అన్నది వాళ్ళకు పట్టదు.

చట్టం తన వంతు చేసింది. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. అలాంటి పందేలు నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. మంచిదే. కానీ చెడ్డ గదుల్ని మూయించగలిగిన చట్టం మంచి గదుల్ని తెరవలేదు. ఆ పని మనదే.

అందుకని కోవూరు, విడవలూరు, కొడవలూరు యువజన సంఘాల వాళ్ళకూ, నెల్లూరు కాలేజీల ఆటల కార్యదర్శులకూ ఒక మనవి. వచ్చే సంక్రాంతికి ముగ్గుల పోటీ, కబడ్డీ పోటీల పక్కన ఒక రూమ్ కూడా పెట్టండి. 16 జట్లు, మూడు మ్యాచ్‌లు, ఎరాంగెల్, పైసా ప్రవేశ రుసుము లేకుండా. గెలిచిన జట్టుకు ఒక షీల్డు చాలు. పంచాయతీ హాల్లో ఒక తెర కట్టి పెద్దవాళ్ళను కూర్చోబెట్టి చూపించండి, పక్కన ఒక కుర్రాణ్ణి పెట్టి ఎవరేం చేస్తున్నారో చెప్పించండి. బహుమతులిచ్చేటప్పుడు మొదట హోస్టును వేదిక మీదికి పిలిచి శాలువా కప్పండి. ఆ తర్వాతే గెలిచినవాళ్ళను పిలవండి.