ఫిడేలు పోయిన ఇల్లు, తప్పెట పోని ఇల్లు

చాసో (1915–1994) కథ ‘వాయులీనం’ ఎం.ఏ. క్లాసులో చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. పక్కబెంచీ వాళ్లకూ వచ్చింది. వాళ్ల ఏడుపూ నా ఏడుపూ ఒకటి కాదని తెలియడానికి చానా ఏళ్లు పట్టింది.

కథ అందరికీ తెలిసిందే. ఫిడేలు నేర్చిన రాజ్యం సంసారంలో పడి దాన్ని పక్కన పెడుతుంది. ఆమెకు జబ్బు చేస్తే భర్త ఆ ఫిడేలే అమ్మి బతికించుకుంటాడు. మనిషి దక్కింది, సంగీతం పోయింది. భర్తను దుర్మార్గునిగా చూపకపోవడంలోనే చాసో గొప్పతనముంది. ఆమె సంగీతాన్ని మింగింది ఒక మొగుడు కాదు, లేమి, వంటిల్లు.

అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ ఫిడేలు ఆ ఇంట్లోకి ఎట్లా వచ్చింది? చాసోది విజయనగరం. 1919లో సంగీత కళాశాల వెలిసిన ఊరు, ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు నేర్పిన ఊరు. నేర్పడానికి గురువు, దాచుకోవడానికి పెట్టె, కొనడానికి మనిషి ఉన్నారు గనకనే ఆ వాద్యానికి ధర ఉంది. ధర ఉంది గనకనే దాని నష్టం కథయింది.

రొద్దం పక్కన మా పల్లెలో, మాదిగవాడలో, మా వాద్యం చూరుకు వేలాడేది. తప్పెట. దాన్ని ఎవడు కొంటాడు? చావుకు కొట్టాల, జాతరకు కొట్టాల, దండోరా వెయ్యాల. రాజ్యం వాయించాలనుకుని వాయించలేకపోయింది. మా నాయన వద్దనుకుంటూనే కొట్టినాడు. ఆమె కోరిక వాద్యం వైపు పోతుంది, ఆయన కోరిక వాద్యం నుంచి దూరంగా పోతుంది. నేను డిగ్రీలో చేరినాక ఆయన మానేసినాడు. పుల్లలు మాత్రం పారెయ్యలేదు. సాయంత్రం గోడకానుకుని మోకాలి మీద వేళ్లతో దరువేస్తా ఉంటే చూసినా. అది విడుదలా, నష్టమా? రెండూ. ‘వాయులీనం’ నేర్పిన దుఃఖం ఈ రెండింటినీ ఒకచోట పట్టుకోలేదు.

మన కథల్లో తప్పెట చప్పుడు వినిపిస్తుంది, కొట్టే చెయ్యి కనిపించేది తక్కువ. చావు కబురుగానో, జాతర హడావుడిగానో వచ్చి పోతుంది. నాగప్పగారి సుందర్రాజు తన కవిత్వానికి ‘చండాల చాటింపు’ అని పేరు పెట్టినప్పుడు, 1994లో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాటం దండోరాగా జనం నోట నిలిచినప్పుడు, ఊరి కోసం వేసిన చాటింపు మన కోసం వేసుకున్నదయింది. మా జిల్లా చిలుకూరి దేవపుత్ర నవల పేరు ‘పంచమం’. సంగీతంలో పంచమం స్థానం మారని స్వరం. ఊళ్లో పంచముని స్థానమూ అట్లాగే ఉండాలన్నారు. ఈ ఎత్తిపొడుపు సంగీతం తెలిసినోళ్లకే ఎక్కువ తగలాల.

అయితే తప్పెట ధిక్కార చిహ్నమైనాక కూడా మనకొక లోటు మిగిలింది. వేదిక మీద కొట్టేది ఎక్కువగా మగవాళ్లే. మాయమ్మ పాటకు వాద్యమే లేదు, అమ్ముకోవడానికైనా, చూరుకు వేలాడదీయడానికైనా. శెనక్కాయ చేన్లో కలుపు తీస్తా ఆమె ఒక చరణం ఎత్తుకుంటే వరుసలోని ఆడోళ్లు బదులు పలికేవాళ్లు. వానల్లేక చేను బీడు పడింది, వరుస చెదిరింది. బెంగుళూరులో బేల్దారి పనికి పోయిన ఏళ్లలో ఆమె పాడగా నేను వినలేదు. ఫిడేలు ఎవరింట్లోనో మోగొచ్చు. ఈ పాట పోయిందని చెప్పడానికి ఏ వస్తువును చూపించాలి కథకుడు? మన కొత్త కథకులు తలపడాల్సింది దీంతోనని నా అభిప్రాయం.

పోయిన సంక్రాంతికి అడిగితే మాయమ్మ రెండు చరణాలు ఎత్తుకుని, “బదులు పలికేటోళ్లు యాడున్నారప్పా” అని ఆపేసి, పొయ్యి కాడికి పోయింది.