కమ్మరి కొట్టిన కత్తి

తిరుపతిలో పాత్రల అంగడికి పోతే తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు కత్తులే ముందు కనబడతాయి. కనీసం 10.5 శాతం క్రోమియం కలిసిన ఉక్కు అది. పులుపు తగిలినా నల్లబడదు. అయినా నా ఓటు కమ్మరి కత్తికే.

చిత్తూరు పల్లెల్లో కమ్మరికి పాత లారీ కమాన్ కట్ట దొరికితే పండగే. ఆ ఉక్కులో కార్బన్ అర శాతానికి అటూఇటూ ఉంటుంది. అందుకే పదును పడుతుంది, పట్టింది నిలుస్తుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, చివర నీళ్లలోనో నూనెలోనో ముంచుతారు. అసలు పనితనం అక్కడుంది. కాక ఎంత ఎక్కిందో ఉక్కు రంగు చూసే పోల్చుకోవాలి. మరీ గట్టిపడితే అంచు పెళుసు, తగ్గితే మెత్తన. థర్మామీటరు ఎరగని ఆ కంటికి దండం పెట్టాలి. తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చారంటే ఊరికే రాలేదు!

బెంగుళూర మామిడికాయ కోస్తే కమ్మరి కత్తి నల్లబడుతుంది, నిజమే. తడి ఉంటే తుప్పూ పడుతుంది. సిరామిక్ కత్తికి ఆ బాధ లేదు గానీ, కింద పడితే పెచ్చులూడుతుంది, మామూలు సానరాయికి లొంగదు. కమ్మరి కత్తి మొద్దుబారితే బండ మీద నాలుగు రుద్దులు చాలు.

కోసిన వెంటనే కడిగి, తుడిచి, చుక్క నూనె రాసి పెట్టండి.