పాత రూపం, కొత్త భారం: బస్తర్ బాటలలో మోటారు సైకిలు

వాహనాన్ని అవసరానికి అనుగుణంగా మలచుకోవడం బస్తర్‌కు కొత్త విద్య కాదు. ఓరుగల్లు నుండి వచ్చిన కాకతీయ అన్నమదేవుని వంశంలో పురుషోత్తమదేవుడనే రాజు పూరీ యాత్ర చేసి, రథపతి బిరుదుతో పాటు పదహారు చక్రాల రథాన్ని పొందినట్లు సంప్రదాయ కథనం. అంతటి రథాన్ని ఆ నేల మీద లాగడం కష్టమైంది. నాలుగు చక్రాలు జగన్నాథునికి సమర్పించారు. మిగిలిన పన్నెండింటిని ఎనిమిదిగా, నాలుగుగా విభజించారు. నేటికీ జగదల్‌పూర్ దసరాలో నాలుగు చక్రాల పూలరథం, ఎనిమిది చక్రాల విజయరథం కదులుతాయి. ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ గ్రామాల వడ్రంగులూ కమ్మరులూ ఆ రథాన్ని కొత్త కలపతో నిర్మిస్తారు. ఇక్కడ ప్రాచీనత కలపలో లేదు. కొలతలోనూ, చేతిలోనూ ఉంది. పాత వాహనాలకు చేసే మార్పులను పరిశీలించే విమర్శకునికి ఈ ఒక్క ఉదాహరణ మంచి గీటురాయి కాగలదు.

నగరాలలో పాత మోటారు సైకిళ్లపై మక్కువ ప్రధానంగా రెండు దారులలో నడుస్తున్నది. మొదటిది పరిరక్షణ. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్లను, మైసూరులో తయారైన జావాలను తొలి రూపానికి తీసుకొనిరావడం దీని లక్ష్యం. రెండవది అలంకరణ. హ్యాండిలును ఎత్తుగా సాగదీయడం, ఇంధనపు ట్యాంకును మార్చడం, పొగగొట్టం మోతను పెంచడం ఈ కోవలోనివి. మొదటి దారిలో శ్రద్ధ ఉన్నది కాని వాహనం క్రమంగా ప్రదర్శన వస్తువైపోతుంది. రెండవ దారిలో ఊహ ఉన్నది కాని అది తరచు యజమాని అభిరుచి దగ్గరే ఆగిపోతుంది.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. నిర్మాత నిర్దేశించిన మౌలిక ప్రమాణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2021 జులైలో వెలువడిన కేంద్ర నిబంధనలు యాభై ఏళ్లు దాటి, చట్రంలోనూ ఇంజనులోనూ గణనీయమైన మార్పులకు లోనుకాని వాహనాలనే పురాతన వాహనాలుగా గుర్తించాయి. నిత్యవినియోగానికి వాటిని రోడ్డెక్కించరాదన్నాయి. మార్చకుండా ఉంచినదే వారసత్వం అన్న భావన ఈ నిబంధనలలో ధ్వనిస్తుంది.

అయితే ఈ దేశంలో మూడవ దారి ఒకటి చాలాకాలంగా ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం సైన్యం వదిలివేసిన హార్లీ డేవిడ్‌సన్లకు వెనుక పెట్టె కట్టి ఢిల్లీలో ఫట్‌ఫటీలుగా నడిపారు. 1990ల చివరలో అవి రోడ్ల నుండి తొలగిపోయే వరకు జనం వాటిలో కిక్కిరిసి ప్రయాణించారు. సౌరాష్ట్రలో బుల్లెట్ ముందుభాగానికి వెనుక తొట్టి అమర్చి, ఛకడా అనే మూడు చక్రాల బండిని రూపొందించుకున్నారు. వీటిని కళాఖండాలుగా ఎవరూ కీర్తించలేదు. బరువు మోయడమే వాటి సౌందర్యం.

బస్తర్‌లో కనిపించేది ఈ మూడవ దారికి అత్యంత తీవ్రమైన రూపం. సుమారు నాలుగువేల చదరపు కిలోమీటర్లు విస్తరించిన అబూఝ్‌మాడ్ కొండలలో అనేక గ్రామాలకు కాలిబాటే గతి. పురిటి నొప్పులు వచ్చిన స్త్రీని మంచం మీద పడుకోబెట్టి, దానిని కర్రకు కట్టి, భుజాలపై మోసుకొని నడవడం అక్కడి వారికి తెలిసిన ప్రయాణం. మన్యంలో డోలీ మోతను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ దృశ్యం కొత్తది కాదు. 2014లో నారాయణపూర్ జిల్లాలో సాథీ అనే స్వచ్ఛంద సంస్థ యూనిసెఫ్ సహకారంతో పక్కబండి అమర్చిన మోటారు సైకిలు అంబులెన్సును ప్రవేశపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడినవారిని మోసిన పక్కబండికి ఇది దూరపు బంధువు. రోగి పడుకొని ప్రయాణించగలగడం దీని ప్రధాన గుణం. గర్భిణికి అంతకు మించిన మేలు లేదు. వెడల్పు దీని లోపం. బాట ఒకవైపు ఒరిగినచోట, రెండు చెట్ల మధ్య సందు ఇరుకైనచోట మూడవ చక్రం అడ్డంకి అవుతుంది.

ఈ చిక్కుకు మరొక సమాధానం 2021 జనవరి 18న వెలువడింది. బీజాపూర్, సుక్మా, దంతెవాడ వంటి ప్రాంతాల అవసరాలను దృష్టిలో ఉంచుకొని కేంద్ర రిజర్వు పోలీసు దళం కోరగా, రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఓ.కు చెందిన ఇన్మాస్ ప్రయోగశాల ‘రక్షిత’ను రూపొందించింది. దీనికి ఆధారం రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. 2009లో వచ్చిన ఈ నమూనా నిజానికి పాత బండి కాదు. యుద్ధానంతర కాలపు బుల్లెట్ ఆకృతిని కొత్త ఇంజనుకు తొడిగిన బండి. నగరంలో గతస్మృతిని అమ్మిన ఆకృతే అడవిలో క్షతగాత్రుని మోయడానికి పూనుకోవడం గమనార్హం. నడిపేవాని వెనుక వాలుకుర్చీ, తల కదలకుండా పట్టు, చేతులకూ కాళ్లకూ పట్టీలు, రోగి స్థితిని కొలిచి నడిపేవానిని హెచ్చరించే పరికరం ఇందులో ఉన్నాయి.

రక్షిత ఇరుకు బాటలో సాగగలదు. కాని వెన్నెముక దెబ్బతిన్నవారికి వాలుకుర్చీ సరిపోదు, ప్రసవ వేదనలో ఉన్న స్త్రీకి అంతకన్నా సరిపోదు. ఇది ప్రధానంగా సైనికుని శరీరాన్ని ఊహించుకొని చేసిన రూపకల్పన. నారాయణపూర్ బండి తల్లిని ఊహించుకొని చేసినది. ఈ భేదాన్ని గుర్తించకుండా ఒకదానిని మరొకదాని కంటే మేలనడం సరికాదు. ఏ దేహాన్ని దృష్టిలో ఉంచుకొని మలచారన్నదే ఇక్కడ విమర్శ అడగవలసిన ప్రశ్న.

రక్షితలో ప్రశంసించవలసిన గుణం మరొకటి ఉన్నది. ఆ కుర్చీని అవసరమైనప్పుడు అమర్చవచ్చు, తరువాత తీసివేయవచ్చు. మూలానికి హాని లేకుండా మార్పును వెనక్కు తీసుకోగలగడం చిత్రపటాలను, శిల్పాలను పునరుద్ధరించేవారు పాటించే నియమం. పరిరక్షకునికీ సంస్కర్తకూ మధ్య ఉన్న కలహం ఇక్కడ కొంత సమసిపోతుంది. కొండగావ్ ఘడ్వా శిల్పులు మైనపు తీగలపై మట్టి అచ్చు చుట్టి, కరిగిన లోహం పోసి, చివరికి అచ్చును పగులగొడతారు. అందువల్ల వారు పోతపోసిన ఏ గుర్రమూ మరొక గుర్రానికి నకలు కాదు; అయినా అన్నింటిలోనూ ఒకే సంప్రదాయం నిలుస్తుంది. రూపం మారినా ధర్మం నిలవడం అంటే ఇదే.

ఇంతమాత్రాన ఈ బండ్లను కీర్తించి ఊరుకోవడం తగదు. వానకాలంలో వాగు పొంగితే మూడు చక్రాలూ ఆగుతాయి, రెండు చక్రాలూ ఆగుతాయి. మోటారు సైకిలు అంబులెన్సు వంతెనకు బదులు కాదు, ఆసుపత్రికి అసలే కాదు. అవి లేనిచోట కాలాన్ని కొంత ఆదా చేసే సాధనం మాత్రమే. రోడ్డు వచ్చిన నాడు పక్కబండీ వాలుకుర్చీ పక్కకు తప్పుకోవాలి. పదహారు చక్రాల రథాన్ని విభజించిన ప్రాంతానికి ఈ వివేకం తెలియనిది కాదు. ఆ నాడు వాటిని ప్రదర్శనశాలలో ఉంచితే, పక్కన రాయవలసినది నిర్మాణ సంవత్సరం ఒక్కటే కాదు. అవి ఏ బాటలో, ఎవరిని మోశాయో కూడా రాయాలి.